మీ అత్త కొట్టు తప్ప

ఏమే కోడలుపిల్లా, ఆ ఫోనును కాసేపు సంచిలో పడుకోబెట్టు. పొద్దున్నుంచీ నీ వేలి పోట్లు తిని తిని అలిసిపోయి ఉంటుంది పాపం. బస్సు దిగీ దిగగానే, ఇంటికైనా వెళ్లకుండా, పచ్చి మంచినీళ్లయినా ముట్టకుండా తిన్నగా మావయ్య టాక్సీ వెతుక్కుంటూ వచ్చానంటున్నావు. సంతోషం. వెనక సీటు వదిలేసి నా పక్కన కూర్చున్నావు. ఇంకా సంతోషం. కూర్చున్నదానివి ఊరికే ఉండక ఏమడిగావు? కంపెనీ బోర్డులున్న కొట్లు కాకుండా, ఇంత పెద్ద నగరంలో ఎవరికి వాళ్లు సొంతంగా నడుపుకునే చిన్న కొట్లలో మంచి కాఫీ ఎక్కడ దొరుకుతుందో చెప్పమన్నావు. అదీ ఎలా? "అత్త కొట్టు తప్ప."

ఎవరో పెట్టిన చుక్కలు ఫోనులో లెక్కపెట్టుకుని కాఫీ తాగే తరం మీది. పగలే చుక్కలు కనిపించే కాఫీలు తాగి కూడా బతికి బయటపడ్డ తరం మాది. కాబట్టి సరైన మనిషినే అడిగావు. కానీ ఈ ప్రశ్న నన్ను నీకంటే ముందు ఒకాయన అడిగాడు. అడిగిన పాపానికి అడిగినట్టే జవాబు చెప్పాను. దాంతో ఒక వేసవంతా మా ఇల్లు ఇల్లులా లేదు. ముందు అది విను, తర్వాత నీ కాఫీ సంగతి చూద్దాం. కాళ్లు చాపుకుని కూర్చోవే, ఎందుకలా సీటు కిందికి ముడుచుకుంటావు? ఈ ట్రాఫిక్ ఇప్పట్లో కదలదు.

ఆ ఏడు ఎండలు ఎలా ఉన్నాయంటే, స్టీరింగు పట్టుకోవాలంటే తడిగుడ్డ చుట్టుకోవాల్సి వచ్చేది. అలాంటి ఎండలో ఒక పెద్దమనిషి మా స్టాండుకొచ్చి, వరసలో ముందున్న నా బండి ఎక్కాడు. ఎక్కడికి సార్ అంటే, మంచి కాఫీ ఎక్కడుంటే అక్కడికి అన్నాడు. మనిషి మామూలుగానే ఉన్నాడు గానీ బూట్లు మాత్రం అప్పుడే పెట్టెలోంచి తీసినంత తెల్లగా ఉన్నాయి. ఈ ఊరి దుమ్ములో తెల్లబూట్లు వేసుకుని తిరుగుతున్నాడంటే, ఇంటికెళ్లి వాటిని తను కడుక్కోడని అర్థం. ఆ రోజునుంచీ మా స్టాండులో ఆయన తెల్లబూట్లాయనే.

కంపెనీ కొట్లు తనకు పడవన్నాడు. ఊరికి కొత్తవాణ్ణి, రోజూ ఒక చిన్న కొట్టు చూపించండి అన్నాడు. మీ మావయ్యను ఎవరైనా దారి అడిగితే దారి చెప్తాడు. సలహా అడిగితే మాత్రం గుండీలు ఊడిపోయేంతగా ఛాతీ పొంగుతుంది. మొదలుపెట్టాను.

ముందు అక్కాచెల్లెళ్ల కొట్టుకు తీసుకెళ్లాను. టైలరు షాపు వెనక, మెట్ల కింద ఇరుకులో ఉంటుంది. అక్క కాఫీ కలుపుతుంది, చెల్లెలు అందిస్తుంది. ఇద్దరికీ ఏళ్ల తరబడి మాటల్లేవు. పాలు అయిపోయాయని ఆవిడకు చెప్పండి అని మనతో చెప్పిస్తుంది ఒకావిడ. చూస్తూనే ఉన్నానని ఈవిడకు చెప్పండి అంటుంది ఇంకొకావిడ. కాఫీ తాగడానికి వెళ్లి రాయబారం నడిపి రావాలి. కానీ ఒక్క గుక్క తాగితే, వీళ్లిద్దరూ ఎప్పటికీ కలవకపోతేనే మేలనిపిస్తుంది, అంత జాగ్రత్తగా చేస్తారు ఒకరి మీద ఒకరు పంతంతో.

తర్వాత తాత కొట్టు. ప్రెస్సు ఎదురుగా ఒక్క గది. ఇనుప డ్రమ్ములో గింజలు పోసి, పిడి పట్టుకుని చేత్తో తిప్పుతూ తనే వేయిస్తాడు. మీ అత్త కొట్టుకు పొడి కూడా ఆయన దగ్గరినుంచే వచ్చేది. చక్కెర అడిగితే, ముందు తాగి తర్వాత మాట్లాడమంటాడు. తాగాక ఎవరూ మాట్లాడరు. తెల్లబూట్లాయన కప్పు కింద పెట్టి చాలాసేపు ప్రెస్సు గోడ వంక చూస్తూ ఉండిపోయాడు. ఆ గోడేదో నేనే కట్టినట్టు కాలరెగరేశాను.

ఈ కొట్లన్నీ ఎలా కనిపెడతారని అడిగాడు ఒక రోజు. నాకున్న రహస్యం కాస్తా కక్కేశాను. టాక్సీలు చూడండి సార్ అన్నాను. మేము రోజంతా కూర్చుని తిరిగేవాళ్లం, కళ్లు మూతపడకుండా ఉండాలంటే కాఫీయే దిక్కు. అలాంటివాడు చెత్త కాఫీ కోసం బండి ఆపడు. ఏ కొట్టు ముందు టాక్సీలు గుంపుగా ఆగి ఉంటాయో అక్కడ కళ్లు మూసుకుని తాగెయ్యొచ్చు, రుచి చూడక్కర్లేదు, టాక్సీలు లెక్కపెట్టుకుంటే చాలు. ఆయన తల ఊపి, భలే చెప్పారు డ్రైవర్ గారూ అన్నాడు. నేను ఇంకా పొంగిపోయాను.

మరి మీ అత్త కొట్టుకు ఎందుకు తీసుకెళ్లలేదనుకుంటున్నావు. ఊరంతా తిప్పి తిప్పి, ఇంతకంటే మంచి కాఫీ ఉండదని ఆయన ఒప్పుకున్నాక, ఒక రోజు ఏమీ చెప్పకుండా మన వీధిలోకి తిప్పి, మీ అత్త చేతి కాఫీ తాగించి, ఇది మా ఆవిడ కొట్టు సార్ అని చెప్పి, ఆయన మొహం చూద్దామని. దెబ్బ చివర్లో కొడితేనే దెబ్బ. మీ అత్తకు కూడా ఈ సంగతి చెప్పలేదు. అప్పటికి మా మధ్య నడుస్తున్న గొడవ వేరే.

మన ఇంటి ముందు గదే కదా మీ అత్త కొట్టు, ఆ వేసవి మొదట్లోనే దాని గడపకు ఎర్రరంగు వేశాను. రంగు డబ్బా మీద ఎంత కలపాలో ఏమిటో చిన్న చిన్న అక్షరాల్లో ఉంది. అంత చిన్న అక్షరాలు చదివే ఓపికే ఉంటే అయిదో క్లాసులోనే బడి గోడ ఎందుకు దూకుతాను? తోచినంత పలచన చేసి పూశాను. అది ఆరదే. వచ్చినవాళ్లందరికీ మీ అత్త లోపలినుంచే కేకేసేది, గడప దాటి రండి, మా ఆయన రంగు వేశారు అని. వీధి వీధంతా నవ్వేది. నేను రోజూ సాయంత్రం వచ్చి వేలు పెట్టి చూసేవాణ్ణి, వేలికి అంటేది. రేపటికి ఆరుతుందిలే అనేవాణ్ణి.

ఇలా ఉండగా అక్కాచెల్లెళ్ల కొట్టు ఎదురుగా, రోడ్డుకు అవతల, ఊదారంగు బోర్డు లేచింది. నీకు తెలుసుగా ఆ కంపెనీ, లోపల చలి, బయట బోర్డు, కప్పు మీద నీ పేరు రాసి ఇస్తారు, కాఫీ ఎవరిదో మాత్రం తెలియదు. తెరిచిన కొత్తల్లో ఊరికే పోస్తారు. ఎదుటి కొట్టు ఊపిరి ఆగేదాకా పోస్తారు. సరే, ఎక్కడో ఒకచోట పెట్టాలి కదా, అక్కడ పెట్టారనుకున్నాను. తర్వాత తాత కొట్టు ఎదురుగా, ప్రెస్సు పక్క వాటా ఖాళీ చేయించి అక్కడా మొదలుపెట్టారు. నేను బండి ఆపి చూస్తున్నాను. లోపల ఒక మనిషి టేపు పట్టుకుని గోడలు కొలిపిస్తున్నాడు. మనిషి వీపే కనిపిస్తోంది. బూట్లు మాత్రం కనిపిస్తున్నాయి.

అప్పుడర్థమైంది పిల్లా. చిన్న కొట్ల మీద ప్రేమతో కాదు ఆయన తిరుగుతున్నది. మంచి కాఫీ తాగే జనం ఎక్కడ పోగవుతారో కనిపెట్టి, సరిగ్గా ఎదురుగా తమ బోర్డు ఎక్కించడం ఆయన ఉద్యోగం. నా బండిలో కూర్చుని, నా వేలు పట్టుకుని నడిచాడు. మీ అత్త కొట్టు ఒక్కటే మిగిలింది, అదీ నా షోకు వల్ల.

తాత కొట్టు వేసవి నడి మధ్యన మూతపడింది. గది ఆసామి దాన్ని కూడా ఊదాబోర్డు వాళ్లకే సామాను పెట్టుకోవడానికి ఇచ్చేశాడు. నేను వెళ్లి ఆ ఇనుప డ్రమ్మును వెనక సీట్లోనూ, తాతను ముందు సీట్లోనూ కూర్చోబెట్టుకుని ఇంటికి తీసుకొచ్చాను. దారిలో చెప్పేశాను, నీ కొట్టు వాళ్లకు చూపించింది నేనే తాతా అని. తాత కిటికీలోంచి చూస్తూనే ఉన్నాడు.

"నా కాఫీ బాగుందని నువ్వు నలుగురికీ చెప్పడం తప్పయితే, దాన్ని అంత బాగా చేయడం నాదింకా పెద్ద తప్పురా. గది పోయింది. డ్రమ్ము ఉంది, చెయ్యి ఉంది. బండి పోనీ" అన్నాడు.

మీ అత్త వెనక గదిలో సామాను పక్కకు లాగి మంచం వేసింది, పెరటి రేకుల కింద డ్రమ్ముకు చోటు చేసింది. మర్నాటినుంచీ మన ఇల్లు ఇప్పుడు నువ్వెరిగిన వాసన వేయడం మొదలైంది.

నేను మాత్రం ఊరుకునే రకమా? తెల్లబూట్లాయన మర్నాడు ఏమీ ఎరగనట్టే బండి ఎక్కాడు. నేనూ ఏమీ ఎరగనట్టే మీటరు వేశాను. ఆయన్ను దింపేసి స్టాండుకొచ్చి, మావాళ్లందర్నీ పోగేసి జరిగింది చెప్పాను. పొడుగాడు అని ఒకడుండేవాడు, బండిలో పట్టక మోకాళ్లు చెవులకు తగిలేవి, వాడు ముందు ఆ తెల్లబూట్లకు బురద పూద్దామన్నాడు. బురద వద్దురా, కాఫీ పోద్దాం అన్నాను.

ఊరి చివర, పాత ఇనుము దుకాణాల వరసలో, పంక్చర్లు వేసే ఒకడు పక్కనే పొయ్యి పెట్టి కాఫీ కూడా అమ్మేవాడు. పొద్దున కాచింది సాయంత్రం దాకా మరిగిస్తూనే ఉంటాడు. దాన్ని మేము కషాయం కొట్టు అనేవాళ్లం. చక్రం ఊడిపోయినా అక్కడ బండి ఆపడానికి భయపడేవాళ్లం, పంక్చరు వేస్తూ కాఫీ కూడా ఇస్తాడేమోనని. రేపటినుంచీ మన బండ్లన్నీ అక్కడే ఆగాలని చెప్పాను. ఎందుకంటే ఆయన నాలుకతో చూడడు, టాక్సీలు లెక్కపెడతాడు. ఆ లెక్క నేర్పింది నేనే.

ఇంకొక మాట కూడా చెప్పాను. ఈ వేసవి అయ్యేదాకా మా వీధిలోకి, మా ఆవిడ కొట్టు ముందుకు ఒక్క టాక్సీ కూడా రాకూడదని. ఆ మాటకు స్టాండంతా గొల్లుమంది. చెల్లెమ్మ కాఫీ లేకుండా ఎలా బతకమంటావని పొడుగాడు నిజంగానే అడిగాడు. కషాయం తాగి బతకమన్నాను.

నువ్వు చూసుండాల్సింది పిల్లా. ఇనుము దుకాణాల వీధి పొడుగునా పసుపు టాక్సీలు. తెల్లబూట్లాయన్ను తీసుకెళ్లి, ఇదీ సార్ ఈ ఊళ్లో అసలైనది, డ్రైవర్లు బయటివాళ్లకు చెప్పరు అన్నాను. మావాళ్లు కప్పులు పట్టుకుని బారులు తీరి ఉన్నారు. పొడుగాడు ఒక గుక్క తాగి, కళ్లు మూసుకుని, గుండె మీద చెయ్యేసుకున్నాడు. కళ్లు మూసుకున్నది ఎందుకో నాకు తెలుసు. మిగతావాళ్లు ఆయన అటు తిరగగానే పక్కనున్న పూలకుండీలో పారబోసేవాళ్లు. ఆ మొక్క వారం తిరక్కుండా వాడిపోయింది.

పాపం ఆ కషాయంవాడు మాత్రం నిజమనుకున్నాడు. పంక్చర్లు మానేశాడు. రెండు బెంచీలు వేయించాడు. తలకు నూనె రాసుకుని, ఉతికిన చొక్కా వేసుకుని, ఒక్కొక్కడి దగ్గరికీ వచ్చి ఈ రోజు ఎలా ఉందని అడిగేవాడు. అమోఘం అనేవాళ్లం. అదే అనుకున్నా, ఈ మధ్య కాస్త ఎక్కువసేపు మరిగిస్తున్నా అనేవాడు. మర్నాడు ఇంకాస్త ఎక్కువసేపు మరిగించేవాడు.

అక్కడితో ఆగలేదు. స్మశానం గేటు పక్క కొట్టు, కోల్డ్ స్టోరేజీ వెనక కొట్టు, పాలకు బదులు ఏం పోస్తాడో ఇప్పటికీ తెలియని వంతెన కింది కొట్టు, అన్నిటి ముందూ మా టాక్సీలు బారులు తీరాయి. తెల్లబూట్లాయన ప్రతిచోటా ఒక గుక్క తాగి, తల ఊపి, ఫోనులో ఏదో కొట్టుకునేవాడు. ఆ రోజుల్లోనే ఒకసారి చూశాను, ఆయన తెల్లబూటు కుడికాలి ముందు వైపున సన్నగా ఒక ఎర్రగీత ఉంది. మర్నాడు ఇంకో జత, దానికీ అక్కడే ఎర్రగీత. డబ్బున్నవాళ్ల షోకు కాబోలనుకున్నాను. అడిగితే, ఇది కూడా తెలియదా అంటాడేమోనని అడగలేదు. స్టాండుకొచ్చి మాత్రం, ఇప్పుడు బూట్లక్కూడా పెదాల రంగు వేస్తున్నారొరేయ్ అని అందర్నీ నవ్వించాను.

ఇంట్లో మాత్రం నవ్వులాట కాదు. ఒక సాయంత్రం వచ్చేసరికి మీ అత్త స్టూళ్లన్నీ తుడిచి ఉన్నవి మళ్లీ తుడుస్తోంది. డ్రైవర్లు రావడం లేదేమండీ అంది. రోడ్డు తవ్వారు, బండ్లు ఇటు రావడానికి లేదు అన్నాను.

"ఏ రోడ్డు?"

ఆవిడ గుడ్డ పిండి ఆరేసి, కిటికీ దగ్గర నిలబడింది. ఎదురుగా ఆ వాటా ఉంది చూశావూ, ఇప్పుడు సైకిళ్లు బాగుచేస్తున్నారే, అప్పుడు దానికి టు-లెట్ బోర్డు వేలాడుతోంది. దాని వంకే చూస్తూ అంది, అక్కడ ఎవరు ఏ రంగు బోర్డు పెట్టుకున్నా నేను మాత్రం స్టూలు పక్కకు జరపను, ఈ కిటికీ మూయను, మీరు భయపడి మూయించాలని చూడొద్దు అని. నాకెందుకు భయం అన్నాను. మరి గడప ఎందుకు ఆరలేదు అంది. దానికీ దీనికీ సంబంధం ఏమిటో నాకర్థం కాలేదు. వెనక గదిలోంచి తాత దగ్గు వినిపించింది. ఇప్పుడు ఆలోచిస్తే అది దగ్గు కాదు.

వేసవి చివరికొచ్చేసరికి మా పంట పండింది. కషాయం కొట్టు ఎదురుగా ఊదాబోర్డు లేచింది, అద్దాలు, దీపాలు, చల్లటి గాలి అన్నీ పెట్టి. స్మశానం గేటు ఎదురుగా ఒకటి. వంతెన కింద ఒకటి. లేచిన రోజే మా టాక్సీలన్నీ అక్కడినుంచి మాయం. ఇనుము దుకాణాలవాళ్లు ఆ అద్దాల తలుపు తీయడానికే జంకారు, చేతి మసి అంటుకుంటుందని. స్మశానం దగ్గరికి వచ్చేవాళ్లు కాఫీ కోసం రారు. ఆ కొట్లలో పనిచేసే పిల్లలు తోచక, రోడ్డు దాటి కషాయంవాడి బెంచీల మీద కూర్చుని కబుర్లు చెప్పుకునేవాళ్లు. వాడు వాళ్లకు కూడా పోశాడు. ఒకటొకటిగా ఆ కొట్లు మూతపడ్డాయి. ఊరికి ఇటువైపు ఇక కొత్తవి పెట్టేది లేదని కంపెనీవాళ్లు చెప్పేశారట. మా స్టాండులో ఆ రోజు హారన్లు మోగిన మోత, ట్రాఫిక్ పోలీసు వచ్చి ఎవరి పెళ్లి అని అడిగాడు.

మొదటి వాన పడ్డ రోజు తెల్లబూట్లాయన వచ్చాడు. చేతిలో అట్టపెట్టె ఉంది, అందులో ఆఫీసు బల్ల మీద పెట్టుకునే సామాను. ఉద్యోగం అయిపోయింది డ్రైవర్ గారూ, ఒక మంచి కాఫీ తాగి ఊరికి వెళ్లిపోతాను అన్నాడు. లోపల ఎగిరి గంతేసినా, పైకి అయ్యో అన్నాను. ఎక్కడికి సార్ అంటే, దారి నేను చెప్తాను, మీరు పోనివ్వండి అన్నాడు.

మొదట ఎడమకు తిప్పమన్నాడు. తర్వాత బేకరీ పక్కనుంచి కుడికి. ఇంకో మలుపు తిరిగాక, అది మన వీధి వైపు పోయే దారని నాకు వెలిగింది. బ్రేకు మీద కాలేశాను. అటు వద్దు సార్, రోడ్డు తవ్వారు అన్నాను.

"ఏ రోడ్డు?" అన్నాడు.

సరిగ్గా మీ అత్త అడిగినట్టే అడిగాడు. మన ఇంటి ముందు ఆపమంటే ఆపాను. ఆయన దిగి, అట్టపెట్టె చంకలో పెట్టుకుని, ఎన్నాళ్లనుంచో వస్తున్నవాడిలా గడప మీద కుడికాలు మోపి లోపలికి వెళ్లాడు. మిగతావాళ్లను గడప దాటి రండి అని కేకేసే మీ అత్త ఆయన్ను మాత్రం అనలేదు. ఇవాళ ఆలస్యమైందే అన్నయ్యగారూ అంది. మూల స్టూలు ఆయనదే. కప్పు అప్పటికే వేడినీళ్లతో కడిగి పెట్టి ఉంది. తాత వెనక గదిలోంచి వచ్చి ఆయన పక్కనే కూర్చున్నాడు, ఒకే ఇంట్లో పెరిగినవాళ్లలాగా.

నేను వాన నీళ్లు కారుతూ గుమ్మంలో నిలబడిపోయాను. ఆయనే చెప్పాడు. నా టాక్సీ ఎక్కకముందే ఈ కొట్టు దొరికిందట ఆయనకు. రోజూ పొద్దున ఇక్కడ తాగి, ఆ తర్వాతే నా బండి ఎక్కేవాడట. తాత మన ఇంటికొచ్చిన మర్నాడు, పెరట్లోంచి చూసి ఆనవాలు పట్టి, గోడలు కొలిపించినవాడు ఇతనే అని మీ అత్తకు చెప్పాడు. మీ అత్త ఏం చేసిందో తెలుసా? కాఫీ కలిపి ఆయన ముందు పెట్టి, ఎదురుగా ఉన్న ఖాళీ వాటా చూపించింది.

"పెట్టించండి అన్నయ్యగారూ. నేను మాత్రం మూయను. కానీ పెట్టించిన రోజునుంచీ రోజూ పొద్దున్నే మీరిక్కడికి రావాలి. ఈ స్టూలు మీదే కూర్చుని, మీ బోర్డు వంక చూస్తూ నా కాఫీ తాగాలి. మీరెన్నాళ్లు తాగగలరో నేను చూస్తాను."

అదీ ఆవిడ అన్నది. ఆయన కప్పు ఖాళీ చేసి లేచి వెళ్లాడట. మర్నాడు మళ్లీ వచ్చాడట. ఎదురుగా బోర్డు లేకుండా.

అంటే కషాయం కొట్టు సంగతి మీకు తెలుసా అని అడిగాను. నాలుకంటూ ఒకటి ఉంది కదా డ్రైవర్ గారూ అన్నాడు. ఆ పూలమొక్క చావడం కూడా చూశాడట. మరి అలాంటి చోట కొట్లు ఎందుకు పెట్టించారంటే, తాగుతున్న కప్పు కిందికి దించాడు.

"టాక్సీలు ఎన్ని ఆగుతున్నాయో రాయమన్నారు, రాశాను. కాఫీ ఎలా ఉందో నన్నెవరూ అడగలేదు" అన్నాడు. తర్వాత తాత వంక చూడకుండా, "ఆ ప్రెస్సు దగ్గర మాత్రం అప్పటికే రాసేశాను" అన్నాడు. తాత తన కప్పులోది సగం ఆయన కప్పులో పోశాడు.

నేను మాత్రం వదల్లేదు. ఇంత జరుగుతుంటే నాకెందుకు చెప్పలేదని మీ అత్త మీద ఎగిరాను. నా డ్రైవర్లను రానివ్వకుండా ఆపుకుని, వేసవంతా కషాయం తాగి నా కడుపు మాడ్చుకున్నాను కదా అన్నాను. మీరు ఆపిందే మంచిదైంది అంది. మీ టాక్సీలు అడ్డం లేకపోయేసరికి కిటికీ ముందు నీడ ఖాళీ అయింది, ఈ వీధి ఆడవాళ్లు ఇన్నాళ్లకు వచ్చి కూర్చుంటున్నారు అంది. చూస్తే నిజమే, స్టూళ్లన్నీ వాళ్లవే. వాళ్లందరూ నా వంకే చూసి నవ్వుతున్నారు. ఇప్పటికీ మా పొడుగాడు వస్తే నిలబడి తాగి వెళ్లాల్సిందే.

అప్పుడు తెల్లబూట్లాయన కాలు పైకెత్తి నాకు చూపించాడు. కుడి బూటు ముందు వైపున ఎర్రగీత. నాలుగు జతలు పాడయ్యాయమ్మా, ఇక చాలనుకుంటా అన్నాడు మీ అత్తతో. నేను బూటు వంక చూశాను. గడప వంక చూశాను. వంగి వేలు పెట్టాను. వేలికి అంటింది.

"అది తాత వచ్చేనాటికే ఆరిపోయిందండీ. తాత వచ్చి ఈయన సంగతి చెప్పిన దగ్గర్నుంచీ, ఈయన వచ్చే ముందు రోజూ పొద్దున్నే నేనే అంత చివర పూస్తున్నాను. ఊరంతా తిప్పారు, అందరి కొట్లూ చూపించారు, నా కొట్టు మాత్రం గుర్తు రాలేదు. ఈయన ముందు నా దగ్గర తాగే మీ బండెక్కుతున్నారని మీ అంతట మీరే కనిపెడతారేమోనని చూశా. ఒక రోజులో కనిపెడతారనుకున్నా. వాన పడేదాకా పట్టింది" అంది మీ అత్త. చివర్లో దెబ్బ కొడదామనే నిన్ను ఆఖరున ఉంచానే అని ఎంత చెప్పినా ఇప్పటికీ నమ్మదు.

ఊరందరి చెవిలో పువ్వులు పెట్టి తిరిగే మీ మావయ్య, వేసవంతా ఎర్ర గడప ముందు వంగి, వేలు పెట్టి చూసుకుని, రేపటికి ఆరుతుందిలే అని చెప్పిన కథ ఇది. తెల్లబూట్లాయన ఇప్పటికీ ఈ ఊరొస్తే మన ఇంట్లోనే దిగుతాడు, తాత డ్రమ్ము తిప్పుతుంటే పక్కన కూర్చుని గింజలు ఏరుతాడు. అక్కాచెల్లెళ్లు గట్టివాళ్లు, ఎదుటి బోర్డే దిగిపోయింది గానీ వాళ్లు మెట్ల కిందినుంచి కదల్లేదు. మాటలూ కలవలేదు.

సరే, ఇప్పుడు నీ ప్రశ్నకొద్దాం. అత్త కొట్టు తప్ప ఇంకెక్కడ మంచి కాఫీ అన్నావు. నేను నోరు జారి ఒక్క కొట్టు పేరు చెప్పానంటే, ఇంటికెళ్లాక అది ఎవరి నోట నాకు తిరిగి వినిపిస్తుందో తెలియదనుకున్నావా? ఈ పొద్దున పెరట్లో డబ్బా మూత తీస్తున్న చప్పుడైతే, ఏమిటే అది అన్నాను. కిటికీకి రంగు వేద్దామని అంది మీ అత్త. కిటికీ నీలం, ఆ డబ్బా ఎరుపు. నువ్వు బండి ఎక్కేటప్పుడే చూశాను. ఈసారి నాకు వేసవంతా పట్టలేదు.

బస్సు దిగి తిన్నగా నా దగ్గరికే వచ్చావు కదూ, పచ్చి మంచినీళ్లయినా ముట్టకుండా? ఏదీ, సీటు కింద దాచిన ఆ కుడికాలు ఒకసారి ఇలా పైకెత్తు.